గ్లెనిస్ శుక్రవారం డ్యూటీ

గ్లెనిస్ హాబ్‌డే ముప్పై ఒక్క ఏళ్ళు మా ఊరి పళ్ళ ఫ్యాక్టరీలో, పీచ్ ముక్కల లైను దగ్గర నిలబడింది. మచ్చపడ్డ ముక్క ఆవిడ చెయ్యి దాటి డబ్బాలోకి వెళ్ళిందని ఎవరూ అనలేదు. పోయిన వేసవిలో ఆ లైను మూసేసి, ఒక గోడ గడియారమూ ఒక కేకూ ఇచ్చి ఇంటికి పంపించారు. కేకు మాత్రం బాగుందని గ్లెనిస్ ఇప్పటికీ చెబుతుంది. ఆవిడ తీరే అంత. మొగుడూ పిల్లలూ లేరు. అద్దె ఇల్లూ, పెరట్లో నాలుగు టమాటా మొక్కలూ చాలు, హాయిగా ఉండిపోగలదు.

యాభై తొమ్మిదేళ్ళ వయసులో మొదటిసారి నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టింది. భృతి రావాలంటే రెండు వారాలకోసారి ఫోనులో ఫారం నింపాలి. మొదటి ప్రశ్నే, ‘ఈ రెండు వారాల్లో పని చేశారా?’ అని. నాలుగుసార్లు ‘లేదు’ నొక్కింది. ఐదోసారి ‘అవును’ నొక్కింది. తిప్పలన్నీ అక్కడ మొదలయ్యాయి.

ఆ పనేమిటంటే, పదేళ్ళుగా ప్రతి శుక్రవారం సాయంత్రం, పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌలింగ్ క్లబ్బులో లాటరీ టికెట్లు అమ్మడం. నంబరు తగిలినవాళ్ళకి మాంసం ట్రే. అమ్మిపెట్టినందుకు గ్లెనిస్‌కి ఒక పొట్లం సాసేజీలు. ఇలాంటివి మా దగ్గర ప్రతి క్లబ్బులోనూ ఉన్నాయి, ఉద్యోగమని ఎవరూ అనుకోరు. ఈవిడ మాత్రం యజమాని గడిలో క్లబ్బు పేరు రాసింది, జీతం గడిలో సాసేజీలని రాయబోయింది. అది అక్షరాలు తీసుకోలేదు, అంకెలే కావాలంది. ఉజ్జాయింపుగా ఇరవై డాలర్లని వేసింది.

భృతి ఆఫీసువాళ్ళు జీతం చీటీ చూపించమన్నారు. క్లబ్బుకీ ఉత్తరం రాశారు. క్లబ్బు కార్యదర్శి కోలిన్ పాస్కో, ఆ పేరుతో తమ దగ్గర ఉద్యోగి ఎవరూ లేరని ఉన్నమాటే రాసిచ్చాడు. ఆవిడేమో ఉద్యోగం ఉందంటోంది, క్లబ్బేమో లేదంటోంది. సంగతి తేలేదాకా భృతి ఆపేశారు.

గ్లెనిస్ ఫోను చేసింది. యాభై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

“పొరపాటున నొక్కానని ఒక్క మాట చెప్పండి, ఇప్పుడే సరిచేసేస్తాను.”

“పొరపాటెలా అవుతుందమ్మా? మూడేసి గంటలు నిలబడ్డాను. కాళ్ళు కూడా లాగాయి.”

“అయితే జీతం చీటీ పంపండి.”

“సాసేజీలకి చీటీ ఎవడిస్తాడు తల్లీ?”

మళ్ళీ పరిశీలించమని అడిగితే, ముందు చేసిందే సరైందని జవాబొచ్చింది. మాకందరికీ ఒళ్ళు మండిపోయింది, ఆవిడకి తప్ప. పేదలకి ఉచితంగా సలహాలిచ్చే లాయరు అప్పీలు రాసిపెట్టి, తేలేదాకా శుక్రవారాలు మానెయ్యమన్నాడు. “అదొక్కటీ అడక్కు,” అంది గ్లెనిస్. ఏడు వారాలు గడిచిపోయాయి. ఇరుగుపొరుగు వండిన గిన్నెలు తెచ్చి గుమ్మంలో పెట్టేవారు కాబట్టి తిండికి లోటు రాలేదు. ఇల్లే అసలు బెంగ. నెలాఖరులోగా అద్దె కట్టకపోతే ఖాళీ చెయ్యాల్సిందేనని ఇంటాయన చెప్పేశాడు.

విచారణ ఫోనులోనే. గ్లెనిస్ ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందదు కాబట్టి క్లబ్బు వంటగదిలో, సాస్ సీసాల మధ్య ఫోను పెట్టుకుని కూర్చున్నారు, ఆవిడా, సాక్షిగా కోలినూ. అవతల విచారించేది ఒక పెద్దావిడ. ముందు కోలిన్‌ని అడిగింది.

“ఉద్యోగమా? ఈవిడకా?” అన్నాడు కోలిన్. “చిల్లర లెక్క తప్పుతుంది, తగిలిన నంబరు తప్పు చదువుతుంది. పోయిన నెల ఒకే ట్రే పట్టుకుని ఇద్దరు గుంజుకున్నారు. జీతమిచ్చి పెట్టుకునుంటే ఎప్పుడో పీకేసేవాణ్ణండీ.”

ఫోనులో నవ్వు ఆపుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ గొంతు మెత్తబడింది.

“గ్లెనిస్ గారూ, అది ఉద్యోగం కాదని మీకూ తెలుసు కదా. మరెందుకలా రాశారు?”

కోలిన్ శుభ్రంగానే ఉన్న గట్టుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

“పదిహేడేళ్ళ వయసు నుంచీ ఏదో ఒక పనికి పోతూనే ఉన్నానండీ,” అంది గ్లెనిస్. “పని చేశారా అని అడుగుతారు. లేదు అని నొక్కాలి. మళ్ళీ అడుగుతారు. మళ్ళీ లేదు. ఐదోసారి నా వేలు ఆడలేదు. నేనూ ఏదో చేశానని ఎవరికైనా చెప్పాలనిపించింది.”

పెద్దావిడ మెల్లగా అడిగింది.

“ఇప్పుడు అడిగితే ఏం చెబుతారు?”

“లేదండీ. నాకు పని లేదు.” మాట తడబడలేదు. నెలల తరబడి గుండెల మీదున్న బరువు ఆ ఒక్క మాటతో దిగిపోయినట్టనిపించి ఆవిడకే ఆశ్చర్యమేసింది.

పావుగంట ఆగి మళ్ళీ ఫోను మోగింది. అది ఉద్యోగం కాదు, ఆపిన రోజు నుంచీ రావలసిందంతా ఈ వారమే ఇచ్చెయ్యాలి అని తీర్పు చెప్పింది పెద్దావిడ. ఇల్లు నిలిచింది. గ్లెనిస్ రెండుసార్లు థాంక్స్ చెప్పి ఫోను పెట్టేసింది.

కోలిన్ గుడ్డ పక్కన పడేశాడు. ఆవిడ వైపు చూడకుండానే, “శుక్రవారం ఐదింటికల్లా ఇక్కడుండు. ఆలస్యమైందంటే పీకేస్తా, చెబుతున్నా,” అన్నాడు.

గ్లెనిస్ ముక్కు తుడుచుకుంది.

“ముందు ఉద్యోగంలో పెట్టుకుని ఏడువు, తర్వాత పీకుదువుగాని.”