కొసరు అడిగిన బేరం

పాల్వంచలో, మా ప్లాంటు కాలనీ మొత్తంలో, నా అంత తెలివిగా మోసపోయిన మనిషి లేదు. పసిపిల్లల మెదడుకు పదును పెట్టే బొమ్మల అట్టల పెట్టెను అమ్మేవాడు చెప్పిన ధరలో సగానికి దించి కొన్నాను. అమ్మడానికి వచ్చిన కుర్రాడు మెడలో టై వదులు చేసుకుని, రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి, ఇంతకంటే తగ్గిస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. అక్కడ ఆగితే నేను గెలిచినట్టే. ఆగలేదు. పుట్టింటి అలవాటు కొద్దీ ఇంకో మాట అడిగాను.

"సరే, కొసరు ఏమిస్తవ్?"

పెనుబల్లిలో మా నాన్నకు కిరాణా కొట్టు. గల్లాపెట్టె పక్కన పీట వేసుకుని నేను ఎక్కాలు నేర్చుకున్నాను. తూకం అయ్యాక పైన వేసే గుప్పెడు పప్పే కొసరు. అది పడనిదే మా దగ్గర ఎవరూ సంచి మూతి కట్టరు. పడిందంటే, ధర సంగతి మర్చిపోయి నవ్వుతూ వెళ్తారు. అలాంటి ఇంట్లో పుట్టి, కొసరు అడగకుండా వస్తువు కొంటే అన్నం అరగదు.

అంత గట్టి నోరు ఒక్క చోట మాత్రం పడిపోయింది. పక్క క్వార్టరు ఆమె కొడుకును ఖమ్మంలో ఇంగ్లీషు బడిలో వేయడానికి తోడు వెళ్లాను. అక్కడి మేడమ్ నన్ను చూసి ఏదో అంది. నేను నవ్వాను. మళ్లీ అంది. మళ్లీ నవ్వాను. పని అయ్యేదాకా గోడ పక్కన నిలబడే ఉన్నాను. ఆమె ఏమందో బస్సులో పక్కింటామె చెప్పింది. కూర్చోమందట.

అప్పటికి నా కూతురికి ఏడాదిన్నర. నా బిడ్డ ఎక్కడా నాలా నోరు పడిపోయి నిలబడకూడదు. నాకు కావలసింది అంతే. టై కుర్రాడు అది నా ముఖంలోనే చదివాడనుకుంటాను. మూడేళ్లు దాటితే మెదడు తలుపులు మూసుకుంటాయి మేడమ్ అన్నాడు. కొట్టు మూసే వేళకు పరుగెత్తుకొచ్చే గిరాకీని చిన్నప్పటి నుంచీ చూశాను. వాళ్లు బేరం సరిగ్గా చేయలేరు. నేనూ ఆ వరుసలోనే ఉన్నానని అప్పుడు తట్టలేదు.

కొసరు అడగ్గానే కుర్రాడు టై మళ్లీ బిగించుకున్నాడు.

"ఈ కాలనీకి మీ ఇల్లే డెమో సెంటర్ మేడమ్. మీ పాపే మోడల్ బేబీ. నలుగురికి చూపెట్టున్రి, రెండో పెట్టె మీకు ఫ్రీ."

వాణ్ని దోచుకున్నానని ఆ సాయంత్రం ఇంటాయనకు చెప్పుకుని మురిసిపోయాను. నైటు షిఫ్టుకు బూట్లు వేసుకుంటూ ఆయన, "ఏందో, నువ్వు బేరం చేసినవంటే వాడు బాగుపడ్డట్టు లేదు," అని వెళ్లిపోయాడు. దాన్ని మెచ్చుకోలు కిందే రాసుకున్నాను.

పద్ధతి మొదలైంది. పది అట్టలు. ఒక్కొక్కటీ రెప్పపాటు సేపు చూపించి, ఇంగ్లీషు పేరు గట్టిగా చెప్పి, తిప్పేయాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. తెలుగు కలిపితే మెదడు గందరగోళపడుతుందని కుర్రాడు హెచ్చరించాడు కనుక బువ్వ రైస్ అయింది, కాకి క్రో అయింది. నా కూతురు అంతకుముందు ఊరికే కూర్చునే పిల్ల కాదు. బల్లితో మాట్లాడేది, బకెట్టుతో మాట్లాడేది. ప్లాంటు సైరన్ మోగితే గుమ్మంలోకి పరుగెత్తి, దానికి తనే పెట్టుకున్న పేరుతో పిలిచేది. అలా కాదమ్మా, సైరన్, అని నేను సరిచేసేదాన్ని. సరిచేసిన కొన్నాళ్లకు గుమ్మంలోకి వెళ్లడం మానేసింది.

డెమో ఆదివారం మధ్యాహ్నం. కాలనీ తల్లుల్లో ఇద్దరు చర్చికి వెళ్లేవాళ్లు, ప్రార్థన ముగించుకుని తెల్లచీరల్లోనే వచ్చేవాళ్లు. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. మంచం మీద తల్లులు, కింద చాప మీద పిల్లలు, మధ్యలో పీట మీద నా మోడల్ బేబీ. నైటు షిఫ్టు దిగొచ్చిన మనిషికి పడుకునే చోటు ఉండేది కాదు. ఆయన దిండు చంకన పెట్టుకుని స్నేహితుడి క్వార్టరుకు బయల్దేరేవాడు.

"మీ బడి విడిచిపెట్టినంక కబురు పెట్టు."

నేను అట్ట ఎత్తి ఇదేంది అని ముఖం మీద ముఖం పెట్టి అడిగేదాన్ని. పిల్ల యాపిల్ అనేది. తల్లులు చప్పట్లు కొట్టేవాళ్లు. బాల్, చప్పట్లు. క్యాట్, చప్పట్లు. ఒక ఆదివారం అట్టలు చేతిలోంచి జారి కలిసిపోయాయి. ఏనుగును చూపిస్తే యాపిల్ అంది, రైలును చూపిస్తే బాల్ అంది. అది బొమ్మలను చూడటమే లేదు, వరుస చెబుతోంది. మంచం మీద ఉన్నవాళ్లు గమనించేలోపు అట్టలు సర్దేసి, పాపకు నిద్ర వస్తోందన్నాను. గల్లా దగ్గర పెరిగినదాన్ని, ముక్కిన బియ్యాన్ని ఎలా పైకి కనపడకుండా పోయాలో నాకు ఒకరు నేర్పాలా.

అప్పుడే ఆపేయాల్సింది. కానీ అప్పటికి నా మాట నమ్మి ముగ్గురు పెట్టెలు కొన్నారు. అదంతా ఉత్తదే అంటే మూడు పెట్టెలూ నా గుమ్మంలోకి వస్తాయి. తన కొట్టు సరుకు బాగాలేదని చెప్పే శావుకారిని నేను పుట్టి పెరిగి చూడలేదు. పాల దగ్గర ఒకామె, కూరగాయల బండి దగ్గర ఇంకొకామె, మీ పాప ఇప్పుడెన్ని చెబుతోంది అని అడిగేవాళ్లు. నేను పెంచి చెప్పేదాన్ని. అది విని తెల్లచీరల ఇద్దరిలో ఒకామె నాలుగో పెట్టె కొంది. పెంచి చెప్పినంతా మరుసటి ఆదివారానికి పిల్ల చేత చెప్పించాలి కదా, ఇంకో నాలుగు అట్టలు కలిపేదాన్ని. అలా నేను గడియ పెట్టిన గదిలో నేనే ఉండిపోయాను, పిల్లను ఎత్తుకుని.

ఆ వేసవిలో పెనుబల్లి వెళ్లాం. నాన్న మనవరాలిని కొట్టులో బస్తాల మధ్య వదిలేశాడు. రెండో రోజు పిల్ల ఒకటే ఏడుపు. జ్వరం లేదు, దెబ్బ లేదు. ఒళ్లోకి తీసుకుని, ముఖం దగ్గరగా పెట్టి, "ఏందమ్మా? ఏడ నొప్పి?" అని అడిగాను.

అది ఏడుపు ఆపింది. నా కళ్లలోకి చూసింది. కన్నీళ్లు చెంపల మీద ఉండగానే మొదలుపెట్టింది.

"యాపిల్. బాల్. క్యాట్."

ఆగి చూసింది, చప్పట్ల కోసం. నేను కొట్టలేదు. సరిపోలేదనుకుంది పాపం. డాగ్ అంది, ఎలిఫెంట్ అంది. వరుసంతా అప్పజెప్పి, అయినా నొప్పి పోకపోయేసరికి, మళ్లీ మొదటి నుంచి యాపిల్ అంది.

ముక్కు ఒక పక్క ఉబ్బి ఉండటం చూసింది మా అమ్మ. వీధి చివరి దవాఖానాలో డాక్టరు చిన్న పట్టకారుతో శనగగింజ తీశాడు. తడికి నాని రెండింతలైంది. ఎప్పుడు దూర్చుకుందో ఎవరికీ తెలియదు. నోటి నిండా ఇంగ్లీషు, ముక్కులో గింజ ఉందని చెప్పడానికి ఒక్క మాట లేదు. ఖమ్మం బడిలో నేను నిలబడ్డ గోడ పక్కన నా బిడ్డను నేనే నిలబెట్టాను, నా ఇంట్లోనే.

కొట్టుకు తిరిగొచ్చాక నాన్నకు మొత్తం చెప్పాను, కొసరుతో సహా. ఆయన కాటా పళ్లేలు గుడ్డతో తుడుస్తూ విన్నాడు.

"మనం కొసరు ఎట్ల వేస్తమో నీకు ఎరికేనా బిడ్డా?"

"అవ్ నాయనా. తూకంల ముందే తగ్గించి."

"మరి వాడు ఏం తగ్గించిండో చూసుకోకపోతివి."

నాకు తెలిసిన విద్యే. ఆ గుప్పెడు పప్పు తీసిపెట్టిన చేతుల్లో నా చేతులూ ఉన్నాయి. టై కట్టుకున్నవాడికి అది రాదనుకున్నాను.

పాల్వంచకు వచ్చిన ఆదివారం పీట తీసి మంచం కింద పెట్టాను. తల్లులు వచ్చారు. మా పాప బొమ్మలు గుర్తుపట్టదు, వరుస బట్టీ పట్టింది, నాకు ముందే తెలుసు, అని చెప్పాను. చివరగా కొన్న తెల్లచీర ఆమె మెల్లగా అడిగింది.

"తెలిసి మాకు అమ్మినవా అక్కా?"

అవునన్నాను. మూడు పెట్టెలు తిరిగొచ్చాయి. కుర్రాడికి ఎప్పుడు ఫోను చేసినా మోగుతూనే ఉండేది, ఎత్తేవాడు కాదు. ఇంటాయన పెట్టెలను ఒకదాని మీద ఒకటి పేర్చి, కూలరుకు ఎత్తు చేశాడు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండల్లో మా ఇంట్లో అంత గట్టిగా నిలబడ్డ వస్తువు ఇంకోటి లేదు.

పిల్ల వెంటనే మాట్లాడలేదు. ముఖంలోకి చూసి ఏదడిగినా యాపిల్ అనేది. దానివైపు చూడకుండా మాట్లాడటం మేమే నేర్చుకోవలసి వచ్చింది. నేను దానికి వీపు పెట్టి కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ, రాళ్లతోనూ వడ్లతోనూ ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. వర్షాలు పడ్డాక ఒకరోజు వెనక నుంచి, "అమ్మా, బల్లి పోయింది," అని వినపడింది. తిరిగి చూడాలని ఎంత అనిపించినా చూడలేదు. యాడికి పోయింది, అని బియ్యాన్నే అడిగాను. చెప్పింది. చాలాసేపు చెప్పింది.

ఇక లెక్క. నా కూతురు ఇప్పుడు ఇంగ్లీషు బాగానే మాట్లాడుతుంది. అందులో అట్టల వాటా ఎంతో తెలియదు. పెట్టె కొనని ఇళ్ల పిల్లలూ అంతే మాట్లాడుతున్నారు. పెట్టె తిరిగివ్వని ఒకామె కొడుకు ఆ అట్టలతో ఇల్లు కట్టి ఆడుకుని సంతోషంగా పెరిగాడు, అది కూడా రాయాలి. తెల్లచీర ఆమె నాతో మాట్లాడటానికి ఏడాది పట్టింది. రెండో పెట్టె ఫ్రీగానే వచ్చింది, విప్పలేదు.

వచ్చిన వైపు అంతే. పోయిన వైపు ఒకటుంది. సైరన్‌కు నా కూతురు ఒక పేరు పెట్టుకుంది. పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఆ పేరుతో పిలిచేది. ఆ పేరు ఏమిటని మొన్న ఇంటాయనను అడిగాను. ఆయనకు గుర్తు లేదు. నాకూ లేదు.