మూత కింద కాగితం

మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఐదు నిమిషాలు. మా వంటింటి గడియారం పదకొండుంబావు చూపిస్తోంది కానీ, దాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టింది నేనే. అన్నం చల్లారకముందే డబ్బాలు ఆఫీసులకు చేరాలంటే ఇంట్లోవాళ్లను అబద్ధం చెప్పే ఉరికించాలి.

పుప్పాలగూడలో మా ఇంటి కింది గదే ఆ వంటిల్లు. నేనూ నా కోడలూ వండుతాం. నలభై రెండు స్టీలు డబ్బాలు ఆటోలో హైటెక్ సిటీ ఆఫీసులకూ, కోకాపేట టవర్లకూ, ఒక దవాఖానకూ పోతాయి. సాయంత్రం అదే ఆటోలో తిరిగొస్తాయి. ఆ రోజు గట్టు మీద నలభై ఒక్కటే ఉన్నాయి. నలభై రెండోది ఒక నర్సమ్మది. పోయి ఎనిమిది రోజులైనా తిరిగి రాలేదు.

అప్పుడు కోకాపేట నుంచి, వీడియోలు తీసే ఒక మనిషి బూట్లు విప్పకుండా లోపలికి వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనుకు ఒక కర్ర. అతని వెనక నా మనవరాలు. అతన్ని తీసుకొచ్చింది ఆమే.

"అమ్మమ్మగారు, మీ కంటెంట్ చూశాను. రీచ్ మామూలుగా లేదు," అన్నాడు.

"ముందుగాల బూట్లిప్పు. ఇది వంట చేసే జాగ," అన్నాను.

అతను కంటెంట్ అన్నది నేను రాసే కాగితాన్ని. ఆ కాగితం ఏమిటో చెప్పకుండా ఈ గొడవ అర్థం కాదు.

నాకు యాభై నాలుగేళ్లు వచ్చేదాకా అక్షరం రాదు. డబ్బాల పిడులకు రంగు దారాలు కట్టి ఏది ఎవరిదో గుర్తుపెట్టుకునేదాన్ని. ఒకసారి తోముతుంటే రెండు దారాలు ఊడిపోయి, శనివారం ఒక్కపొద్దు ఉండే ఒక సారుకు కోడిగుడ్డు పులుసు పోయింది. ఆయన తినలేదు, తిట్టనూ లేదు. తిడితే బాగుండేది. ఆ వారమే నా కోడలు మూతల మీద ఎర్ర రంగుతో పేర్లు రాసింది. అవే నా బడి. నాకు అ ఆల కంటే ముందు 'ర' వచ్చింది, సగం మంది పేర్లలో అది ఉంది కనుక. కడిగిన మూతే మళ్లీ కడుగుతూ, బొగ్గుతో గట్టు మీద దిద్దుతూ రెండేళ్లలో అన్నీ నేర్చుకున్నాను. నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. అందరికీ ఆకలి, అంతే.

మాలో ఒక పద్ధతి ఉంది. ఇంకొకరింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేయాలి. ఖాళీ గిన్నె వచ్చిందంటే ఆ రెండిళ్ల మధ్య మాటలు బంద్ అయినట్టే. డబ్బా తెప్పించుకునేవాళ్లకు ఈ పద్ధతి లేదు. అయినా కొందరికి చేతులు ఊరుకోవు. ఒకామె రెండు నిమ్మకాయలు పెట్టి పంపేది. ఒకాయన చాక్లెట్ పెట్టేవాడు. ఒకనాడు ఆయన మూత కింద కాగితం ముక్క పెట్టాను: 'చాక్లెట్ ముట్టింది. నాకు పళ్లు లేవు. ఏమన్నా మాట ఉంటే పెట్టు.' పరాయి మనిషికి నేను రాసిన మొదటి రాత అది. సాయంత్రం జవాబు వచ్చింది: 'పళ్లెట్ల పోయినయి?' ఎట్లా పోయాయో చెప్పడానికి నాకు ఒక పేజీ పట్టింది. ఆయన దాన్ని తన టేబుల్ దగ్గర చదివి వినిపించాడట. పక్క కుర్చీ పిల్ల తనకూ ఒక కాగితం కావాలంది.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం ఒక పేజీ. జిరాక్స్ తీయించి, తడవకుండా చిన్న కవరులో మడిచి మూత కింద పెడతాం. తిన్నవాళ్లు తిరుగు డబ్బాలో నాలుగు మాటలు రాసి పంపుతారు. 'పోయిన వారంది బాగలేదు' అని కూడా రాస్తారు, అది మరీ మంచిది. ఒక ఆఫీసులో మెట్లు తుడిచే ఆడవాళ్లు ఎనిమిది మంది భోజనానికి ఒకచోట కూర్చుంటారు. వాళ్లలో చదువు వచ్చింది ఒక్కామెకే. ఆమె చదువుతుంది, ఏడుగురు ముద్ద కలుపుతూ వింటారు. 'ఈసారి జర చిన్నగ రాయి, కూర సల్లబడుతుంది' అని ఆమే రాసి పంపింది. చిన్నగా రాశాను.

ఈ అద్దాల మేడల కింద సాయంత్రం నిలబడి చూడండి. ప్రతివాడూ ఫోనుకు మొహం పెట్టి నన్ను చూడండి, నన్ను చూడండి అని అరుస్తుంటాడు. మా వారపు అంగట్లో గొంతు చించుకునేవాడి బుట్టలోనే టమాటాలు మెత్తబడి ఉండేవి. పాట కట్టేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, రాసేవాళ్లు ఎవరైనా నన్నడిగితే ఒకటే చెబుతాను. మీ సరుకు ఎవరి ఇంటికి పోతుందో వాళ్ల గడప మీకు తెలియాలి. తిరుగు దారిలో వాళ్ల మాట మీ దాకా రావాలి. ఆ రెండూ లేనప్పుడు ఎంతమంది చూశారని ఎవరు చెప్పినా అది గాలిలెక్క.

ఇంత తెలిసిన నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను.

దవాఖానలో డబ్బా తెప్పించుకునే ఆ నర్సమ్మ గోదావరి వైపు నుంచి వచ్చిన పిల్ల. ఆమె రాసి పంపే చీటీలు నా పేజీల కన్నా బాగుండేవి. ఒకసారి ఇలా రాసింది: వాళ్ల నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు, పాటలన్నీ ఆయనే నేర్పాడు. ఆయన ప్రాణం పోయిన గంటలో ఈమె ఇక్కడ వేరెవరి స్ట్రెచరో తోస్తోంది. ఆ తరువాత ఈమెకు పాట రావడం లేదు. ప్రతి ఆదివారం మూడో వరసలో, కిర్రుమనే ఫ్యాను కింద నిలబడి పెదవులు మాత్రం ఆడిస్తుంది. ఎవరికీ తెలియదు.

రాసుకోనా అని చీటీ పంపాను. 'రాయండి, మన డబ్బాల వరకే కదండీ' అని జవాబు వచ్చింది. డబ్బాల వరకే అని మాట ఇచ్చాను. పేరు లేకుండా రాశాను. ఫ్యాను సంగతి తీసేయనా, దాన్ని బట్టి నువ్వెవరో పోల్చుకుంటారేమో అని అడగాలని నాకు తోచింది. అడగలేదు. ఆ ఫ్యాను లేకపోతే పేజీ చప్పగా అయిపోతుందని భయం. రాసేవాళ్ల ఆశ పాడుది.

నా మనవరాలు ఆ పేజీని ఫోటో తీసి లోకమంతా చూసేచోట పెట్టింది. రెండు రోజులకు వచ్చి, వేలమంది చూసిన్రు నానమ్మా అంది. నేను ఏమన్నానో రాయాలి కదా. తీసెయ్యమనలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఆ మరుసటి రోజు నుంచే నర్సమ్మ డబ్బా రాలేదు. సెలవులో ఉందేమో అని కోడలితో అన్నాను. సెలవు కాదని నాకు తెలుసు.

మళ్లీ ఆ మంగళవారానికి వస్తాను. బూట్ల మనిషి బూట్లు విప్పి, గట్టు మీద కర్ర నిలబెట్టి, నేను డబ్బా మూస్తున్నట్టు ఒకసారి చేసి చూపించమంటున్నాడు. అన్నీ మూసేశాను, మూసినవి నటన కోసం తెరవను అంటున్నాను. అంతలో నర్సమ్మ వచ్చింది. మధ్యాహ్నం డ్యూటీకి పోతూ దారిలో దిగింది. చెప్పులు బయట విడిచి, డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టింది.

"మీ డబ్బా తెచ్చానండి."

"ఎనిమిది దినాలాయె. పానం మంచిగుందా బిడ్డా?"

"బాగానే ఉందండి."

మూత తీశాను. ఖాళీ. తోమి, గుడ్డతో తుడిచి, ఒక్క నీటిబొట్టు కూడా లేకుండా ఉంది. నా కోడలు చూసి మొహం తిప్పుకుంది. అది చూస్తే ఇక వేరే చెప్పనక్కరలేదు. అయినా నర్సమ్మ చెప్పింది.

"ఆదివారం పాట ఎత్తుకోగానే అందరూ నా నోరే చూస్తున్నారండి. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి మరీ చూస్తున్నారు. మా మామగారు పాస్టరు కదండీ. మొన్న నన్ను లేచి నిలబడి పాట మొదలుపెట్టమన్నారు."

"పాడినవా?"

"నిలబడ్డానండి. మూడు చరణాలూ వాళ్లే పాడుకున్నారు. నేను నిలబడే ఉన్నాను."

నా మనవరాలు ఫోను తీసింది. "ఇగో అక్కా, తీసేస్తున్న. తీసేసిన. ఇగ లేదు."

"మీరు తీసేసినా మా సంఘం గ్రూపులో ఉంటుందండి," అంది నర్సమ్మ. ఆమె గొంతు పెంచలేదు. ఇంజెక్షన్ ఇచ్చేముందు చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు కోకాపేట మనిషి నోరు తెరిచాడు. "మేడమ్, ఆ నర్స్ మీరేనా? ఒక్క నిమిషం ఇదే మాట ఇటు చూసి చెప్పండి. చాలా ఎమోషనల్‌గా ఉంది." కర్ర ఆమె వైపు తిప్పాడు.

"కర్ర దించు. లేకుంటే నీ ఫోను పప్పుల పడ్తది," అన్నాను.

డబ్బాలు ఎక్కించడానికి వచ్చిన మా ఆటో అతను, మూసాపేట మనిషి, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అన్నా, దించు. మా పెద్దమ్మ అన్నదంటే చేస్తది. పోయినేడు ఒకని టోపీ సాంబార్ల పడ్డది. మళ్ల పెట్టుకోలే," అన్నాడు.

అతను కర్ర దించాడు. మనవరాలి కళ్లలో నీళ్లు. "నీ మంచికే చేసిన నానమ్మా. ఇంత మంచిగ రాస్తవ్. నలభై రెండు మంది చదివితే ఏమొస్తది? గంతమంది చూసిన్రు."

"వాళ్లల్ల ఒక్కన్ని చూపెట్టు. ఎవడు ఏం తింటడో చెప్పు. నా నలభై రెండు మందిల ఎవరికి ఉప్పు తక్కువెయ్యాల్నో, ఎవరి తల్లి దవాఖానల ఉన్నదో నాకెరుక. నీ వేలమందిల ఒక్కడన్న ఈ పిల్లకు ఏమన్న అయితదా అని అడిగిండా?"

"అడగలే."

"నేను సుత అడగలే. ఇగ నిన్నేమనాలె?"

ఆ మాట నా నోటి నుంచి వచ్చేసింది. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వస్తే కోడలు వెళ్లి మంట తగ్గించింది. నేను నర్సమ్మ వైపు తిరిగాను.

"దీనిది చిన్న తప్పు. పెద్దది నాది. ఫ్యాను ఉంచింది నేను. వేలమంది అంటే సంబురపడ్డది నేను. నీకు మాటిచ్చి తప్పిన."

ఆమె పర్వాలేదండీ అనలేదు. అంటే నమ్మేదాన్ని కాదు. డబ్బా నా వైపు జరిపింది.

"కూర పంపండి. మీ వంట మానలేను. కాగితం మాత్రం పెట్టకండి. నేనూ ఇంకేమీ పెట్టను."

ఆ డబ్బాలో అన్నం, బీరకాయ కూర, పప్పు పెట్టాను. ఆమె కోసం మడిచి ఉంచిన ఆ వారం పేజీని తీసి పొయ్యి పక్కన పెట్టాను. మూత వేసి ఇచ్చాను. ఆమె పట్టుకుని పోయింది.

కోకాపేట మనిషి బూట్లు తొడుక్కుంటూ, "కనీసం ఒక పేజ్ ఓపెన్ చేసుకోండి అమ్మమ్మగారు. లేకపోతే ఆడియన్స్ ఎక్కడి నుంచి వస్తారు?" అన్నాడు.

"నా ఆడియన్సు ఆటో ఎక్కాలె. జరుగు," అన్నాను.

ఇప్పుడు ఎవరి మాట రాసినా, జిరాక్సుకు పోకముందు ఆ కాగితం వాళ్ల డబ్బాలో ఒంటరిగా పోతుంది. కొట్టేయాల్సింది కొట్టేసి పంపుతారు. కొన్ని వారాలు సగం పేజీయే మిగులుతుంది. సగమే పంపుతాను. మనవరాలు ఆదివారాలు వచ్చి కాగితాలు మడుస్తోంది. ఫోను గుమ్మం దగ్గర కోడలికి ఇచ్చి లోపలికి వస్తోంది. నేను చెప్పలేదు.

నర్సమ్మ డబ్బా రోజూ వస్తుంది. సాయంత్రం ఆటో దిగగానే మొదట ఆ మూతే తీస్తాను. కడిగి, తుడిచి, ఖాళీగా ఉంటుంది.

ఇది రాశాక దవాఖానకు నేనే పోయాను. కాగితం పెట్టొద్దంది కాబట్టి డబ్బాలో పెట్టలేదు, చేతికి ఇచ్చాను. రాయొద్దంటే ఇక్కడే చింపేస్తానని చెప్పాను. ఆమె నిలబడే చదివింది. జేబులోంచి పెన్ను తీసి రెండు వాక్యాలు కొట్టేసింది. అవి మంచి వాక్యాలు. ఇందులో లేవు. ఫ్యాను సంగతి కూడా కొట్టెయ్యమన్నాను. "ఉంచండి. అది ఇప్పుడు అందరికీ తెలిసిందే కదండీ," అని కాగితం ఇచ్చి వార్డులోకి పోయింది.

ఆ మంగళవారం మా వంటింట్లో ఉన్నవాళ్లు వీళ్లు. పేర్లు డబ్బా మూతల మీద ఉంటే చాలు, ఇక్కడ వద్దు. మూతల మీద రాసి నాకు అక్షరాలు నేర్పిన నా కోడలు. నా మంచి కోరిన నా మనవరాలు. మూసాపేట ఆటో మనిషి. కోకాపేట నుంచి బూట్లతో వచ్చినవాడు. మాట తప్పిన నేను. ఖాళీ డబ్బా తెచ్చి ఇచ్చిన నర్సమ్మ.