అటువైపు బొటనవేలు

ఇది ఒక మహావీరుడి గాథ. ఓరుగల్లు కోట ద్వారమంత ఎత్తున మొదలై, చివరికొచ్చేసరికి చదివేవాళ్లు కండువా కొంగులు వెతుక్కునే గాథ. ఇలా మొదలుపెడదామనే కూర్చున్నాను. తీరా చూస్తే, బాస్కెట్‌బాల్ ఆటలో గీత బయట నిలబడ్డవాడికి బంతి ఎలా అందించాలో నాకు నేర్పిన ఒక పీఈటీ సారు గురించి రాయాల్సి ఉంది. ఇందులో వీరత్వం తక్కువ, మోకాళ్ల నొప్పులు ఎక్కువ.

ఈ పొద్దున హనుమకొండలో ఒక కాలేజీ కోర్టు మీద మ్యాచ్‌కు ముందు బంతిని నేలకు కొట్టాను. టంగుమని లేవాల్సింది దబ్బుమని చతికిలబడింది. గాలి తగ్గిన బంతి చప్పుడు వింటే నాకు దేవసహాయం సారే గుర్తొస్తారు. ఆయన బంతిని ఛాతీ ఎత్తు నుంచి వదిలి, డాక్టరులా చెవి వంచి వినేవారు. "దీనికి జర ఆయాసమున్నది. దవాఖానకు తోలుండ్రి" అని పంపు తెప్పించేవారు.

నేను ఆటగాడిగా ఎక్కువ కాలం బెంచీకే సేవ చేశాను. అది చూసి జాలిపడి సార్ నాకు విజిల్ ఇచ్చి రిఫరీని చేశారు. బంతి గీత దాటితే ఆట ఆగుతుంది. దాన్ని మళ్లీ లోపలికి విసిరేవాడికి రిఫరీయే అందించాలి. అందిన క్షణం నుంచి వాడికి అయిదు సెకన్లు, దాటితే బంతి అవతలి జట్టుది. అంతే సంగతి. ఈ అంతే సంగతికి ఆయన రెండు నెలలు తీసుకున్నారు. విసిరే చోటు వేలితో చూపించాలి. ఎదురుగా కాదు, పక్కన నిలబడాలి. బంతిని ఒకసారి నేలకు తట్టి ఇవ్వాలి. ఆ తర్వాత సెకనుకోసారి చెయ్యి ఊపుతూ లెక్కపెట్టాలి.

"మనసుల లెక్కపెడితే సరిపోదా సార్?" అన్నాను ఒకసారి, భుజం నొప్పి పుట్టి.

"మనసుల లెక్క నీ ఒక్కనికే తెలుస్తది. చెయ్యి ఊపితే ఊరందరికి తెలుస్తది. దాచుకున్న లెక్క దొంగలెక్క బిడ్డా."

వీటన్నిటికంటే ముందు ఇంకొకటి ఉంది. మ్యాచ్‌కు ఇద్దరు రిఫరీలు. బంతి ఇచ్చేముందు కోర్టు అవతల ఉన్న రెండోవాడి వైపు చూడాలి. వాడు బొటనవేలు ఎత్తితే సిద్ధం. అరచెయ్యి ఎత్తితే ఆగాలి. "మైదానంల నూరుమంది ఉంటరు. నీకున్నది మాత్రం ఆ ఒక్కడే" అనేవారు సార్.

ఆ ఒక్కడితోనూ మాట్లాడకూడదు, అది వేరే సంగతి. మ్యాచ్ రోజు ఆయన ఏ జట్టు నీళ్లూ తాగరు. ఇంటి నుంచి స్టీలు సీసా, టిఫిన్‌లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. సగం ఆట అయ్యాక ఇద్దరం చెరో దిక్కు తిరిగి తినేవాళ్లం. "మనమిద్దరం నవ్వుకున్నా ఓడిపోయేటోళ్లకు అనుమానమొస్తది" అనేవారు. అంత ఒంటరిగా రొట్టె తినడం నేను ఇంకెక్కడా చూడలేదు, మా ఇంటి పెళ్లిళ్లలో తప్ప.

ఇక నర్సంపేట ఫైనల్. ఆతిథ్య జట్టు ఒక్క పాయింటు వెనక, చివరి క్షణాలు, బంతి నా చేతిలో. జనం అరుపుల్లో అవతల ఉన్న సార్ వైపు చూడకుండానే బంతి ఇచ్చేశాను. వాళ్లు విసిరారు, బుట్టలో వేశారు, ఎగిరి గంతేశారు. అప్పుడు విజిల్ మోగింది. తలతిప్పితే సార్ అరచెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. గడియారం మొరాయించిందని ఆయన ముందే ఆపమన్నారు. పాయింట్లు రద్దు. మళ్లీ విసిరారు, ఈసారి బంతి అంచుకు తగిలి బయటపడింది. జనం కుర్చీలు లేపారు.

నిర్వాహకులు పిలిచి అడిగారు. నేను నోరు తెరిచేలోపే సార్ అన్నారు: "నేను చెయ్యి ఎత్తుడు ఆలస్యమైంది. పొరపాటు నాది."

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి, "నీది కొత్త విజిల్ రా, మోగనియ్యి" అన్నారు. ఆ తర్వాత ఆయన్ని మ్యాచ్‌లకు పిలవలేదు. నన్ను పిలిచారు.

నిజం చెబుదామని ఒకరోజు కాజీపేటలో ఆయన గదికి వెళ్లాను. ఒక్క మంచం, ఒక్క కుర్చీ, ఒక్క గ్లాసు. చాయ్ ఆ గ్లాసులో నాకు పోసి, ఆయన స్టీలు సీసా మూతలో పోసుకున్నారు. "సార్, ఆ రోజు..." అని ఆగిపోయాను. ఆయన నవ్వి, చెయ్యి చాచి ఊపడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు... నేను ఎండల గురించి మాట్లాడాను. "అయిదు అయిపోయినయ్ రా. బంతి అవతలోళ్లది" అన్నారు.

ఇక్కడ సార్ చనిపోయారని మీరు అనుకుంటారు. లేదు, ఖమ్మంలో అక్క ఇంటికి వెళ్లిపోయారు. కానీ బతికున్న మనిషికి ఫోన్ చేయకపోవడానికి సాకు దొరకడం మరీ కష్టం.

ఈ పొద్దున మ్యాచ్‌లో నా జత శిరీష, కొత్త రిఫరీ. బంతి ఇచ్చేముందు అటు చూశాను. అరచెయ్యి ఎత్తి ఉంది. ఆగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఆగినవాడికి ఎవరు కొడతారు? ఆట ముగిశాక నేరుగా నిర్వాహకుడి దగ్గరికెళ్లి నర్సంపేటలో జరిగిందంతా చెప్పాను. "ఎన్నడో అయిపోయిన మ్యాచ్‌కు ఇప్పుడేందయ్యా?" అని విసుక్కుని, కాసేపు ఆలోచించి, నన్ను కూడా కొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉండమన్నాడు.

సార్‌కు ఫోన్ చేశాను. "సార్, ఆ రోజు మీరు చెయ్యి ఎత్తిండ్రు. నేనే చూడకుంట ఇచ్చిన."

అటువైపు చప్పుడు లేదు. నా చెయ్యి దానంతటదే ఊగుతోంది. నాలుగు దగ్గర ఆయన దగ్గారు.

"నాకెందుకు చెప్తానవ్ రా, నాకు తెల్వదా? చెప్పాల్సినకాడ చెప్పు."

"చెప్పిన సార్. నన్ను గూడ రావద్దన్నరు."

"అట్లనా. అయితే ఖాళీయే గదా, ఆదివారం ఖమ్మం రా. ఈడ పిల్లలకు ఆట చెప్తాన. వచ్చేటప్పుడు పంపు సూది పట్టుకరా, బంతిల గాలి లేదు."

సాయంత్రం హనుమకొండలో మూడు దుకాణాలు తిరిగాను. సైకిల్ పంపు గొట్టాలే ఉన్నాయి. అవి బంతికి పట్టవు. ఆదివారంలోపు ఇంకో మూడు దుకాణాలు చూడాలి.