మా ఆయన పదవీకాలం

ఫోనులో మా ఆయన "అమ్మడూ" అన్నాడంటే నాకు గుండెల్లో రాయి పడేది. మామూలుగా అయితే నేను ఆయనకు "ఏమే"నే.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో, నేను నర్సుగా పనిచేస్తున్న సౌదీలోని దమ్మామ్‌లో సైరన్లు మోగుతుంటే, "ఉద్యోగం పోతే పోయింది, వచ్చెయ్యవే" అని ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే. సెలవులన్నీ రద్దు చేశారు కాబట్టి నేనే వెళ్లలేకపోయాను.

తర్వాత కొన్నేళ్లకు ఆయన జిల్లా పరిషత్ సభ్యుడిగా గెలిచాడు. అంతే, రమ్మనడం మానేశాడు. "పదవన్నాక ఖర్చులుంటాయి, నీ జీతం కావాలి. అయిదేళ్లే కదే, ఇట్టే అయిపోతాయి. నేను పదవి దిగాక వచ్చేద్దువుగాని" అనేవాడు. నాకు కావలసింది ఒక్కటే, ఆయనతో ఒక ఇంట్లో కాపురం. ఆ ఆశతోనే కాంట్రాక్టు పొడిగించుకుంటూ గడిపాను.

అయిదేళ్లూ నిండాయి. "ఎన్నికలు వాయిదా పడ్డాయే, ఇంకొన్నాళ్లు ఆగు" అన్నాడు. వాయిదా పడితే ఈయన దిగడా? మా జిల్లాకే చెందిన తోటి నర్సు ఒకామె సెలవు నుంచి తిరిగి రాగానే అడిగాను.

"ఇంకా పదవులెక్కడివక్కా? గడువైపోయి అందరూ ఎప్పుడో దిగిపోయారు. ఇప్పుడంతా ఆఫీసర్లదే" అంది.

మరి ఈ పెద్దమనిషి ఎందుకు ఆగమంటున్నట్టు? కొంపదీసి ఇంకెవత్తైనా ఉందా? ఆ అనుమానంతో అన్నం సయించలేదు.

అంతలో ఫోను. "అమ్మడూ, వెంటనే ఉద్యోగం మానేసి, ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చెయ్. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు."

పిచ్చిదాన్ని, కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నోరు ఊరుకోదుగా. "ఇన్నాళ్లూ లేని తొందర ఇప్పుడేంటండీ?"

"మన సీటు ఆడవాళ్లకి రిజర్వయిందే. నువ్వు నిలబడాలి."

అదీ సంగతి! సీటు ఎవరికొస్తుందో తేలేదాకా ఆగమన్నాడన్నమాట.

"జిల్లా పరిషత్ గురించి నాకేం తెలుసండీ?"

"నీకెందుకే అదంతా? మీటింగులకి నేనెళ్తాగా. అందరి ఇళ్లలోనూ అంతే. నువ్వు సంతకం పెడితే చాలు."

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి. సీటు మగవాళ్లకే ఉండిపోయుంటే నన్ను రమ్మనేవారా?"

"నామినేషన్లకి టైము లేదే, ముందు టికెట్ కొను" అన్నాడు.

సంతకం మర్నాడే పెట్టాను. హాస్పిటల్ ఆఫీసులో, ఇంకో రెండేళ్ల కాంట్రాక్టు మీద.