క్యాసెట్టులో అల్లుడి క్షేమసమాచారం

ఆ మొగుడు పులి. అంటే, పెళ్లాం ముందు పులి. ఇరాక్ సిపాయి కనబడితే ఏ బండి కిందైనా దూరేవాడు.

కువైట్‌లో నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లోనే వాడి పెళ్లాం, ఆ పిల్ల, వంట చేసేది. నన్ను అన్నా అనేది. తాగి కొట్టే మొగుడు యాడున్నా ఆమె దగ్గరికి పోకూడదని మా జిల్లా కోర్టు ఆర్డరిచ్చింది. ఆమె కువైట్ వచ్చింది. వెనకే వాడూ వచ్చి, అమ్ఘరాలో పాత ఇనుము పనికి కుదిరాడు.

ఇరాకోళ్లు కువైట్‌లో దిగేనాటికి ఇంటి యజమానులు ఎండలకని లండన్‌లో ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే. ఫోన్లు పోయాయి, పోలీసులు పోయారు. వీడికి ధైర్యం వచ్చింది.

ఆ పొద్దు ఆమె వంటింట్లో వాళ్లమ్మకు క్యాసెట్టు నింపుతా ఉంది. చదువు రాని మాకు అదే జాబు. టేపు తిరుగుతుంటే ఆ గదిలోకొచ్చిన ప్రతివాడూ ఏ దినమో, ఏ చోటో చెప్పి, ఇంటోళ్లను పలకరించాలి. అది మా మర్యాద. తలుపు తన్నుకుని వచ్చిన వీడు టేపు చూడగానే గొంతు సవరించుకున్నాడు.

"అత్తా, బాగుండావా? ఇరాకోళ్లొచ్చి పదకొండో దినం. నేనూ బాగుండా. నీ కూతురి వంటింట్లోనే ఉండా. మా యమ్మకూ చెప్పు." అంతటితో మర్యాద ఖలాస్. "ఏమే, నాతో వస్తావా, కాళ్లిరగ్గొట్టేదా?"

నేను జాకీ రాడ్డు పట్టుకుని లోపలికొచ్చా. అల్లుడుగారికి ఎక్కడలేని పని గుర్తొచ్చింది.

ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు జోర్డాన్ దారిలో ఇరాక్ సిపాయిలు నా గడియారం గుంజుకున్నారు. నా మేజోడులో దాచిన క్యాసెట్టు జోలికి పోలేదు.

ఊరు చేరాక వాడు ఆ ఆర్డరు కొట్టెయ్యమని అర్జీ పెట్టాడు. నెగ్గితే నేరుగా ఆమె గడప తొక్కుతాడు. కువైట్‌లో అమ్ఘరా దాటనే లేదని కోర్టులో ప్రమాణం చేశాడు. నేను సాక్ష్యం చెబితే వాడి వకీలు మీసం చాటున నవ్వాడు.

"ఒకే ఇంట్లో ఉన్న డ్రైవరు, వంటమనిషి. ఈయన ఇంకేం చెబుతాడు సార్?"

నల్లకోటు లోపల మనసు కూడా నల్లగానే ఉంటుందని ఆ పొద్దు తెలిసింది. ఆమె తలొంచుకుంది. అప్పుడు మా వకీలు క్యాసెట్టు పెట్టించాడు. అందరూ విన్నారు.

వాడి వకీలు తగ్గలేదు. "ఆ గొంతు ఎవరిదైనా కావచ్చు సార్."

వెనక బెంచీలో వాడి తల్లి లేచింది. యుద్ధం దినాల్లో కొడుకు ఉన్నాడో పోయాడో తెలియక ఏడ్చిన మనిషి.

"ఎవరిదేంది సామీ, నా కొడుకుదే! ఒరే నాయనా, ఆ పొద్దు జలుబు చేసింటే కషాయమన్నా తాగితివా?"

జడ్జీ గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని రాసుకున్నారు. వాడి అర్జీ కొట్టేశారు. ఆర్డరు తప్పినందుకు పులికి నెల్లాళ్లు జైలు. తల్లి మాత్రం జవానును పట్టుకుని, ఆ ముక్క ఇంకోసారి వినిపించమని అడుగుతానే ఉంది.

క్యాసెట్టు కోర్టులోనే ఉండిపోయింది.

"అన్నా, మా యమ్మకు చెప్పుకున్నవన్నీ దాంట్లోనే ఉండాయే" అంది ఆ పిల్ల.

"అమ్మ పక్కనే ఉంది గదమ్మా, నోటితో చెప్పు. ఇప్పుడు తలుపు తన్నేవాడు లేడు."