నీళ్లు తాగని పోస్టు

మధ్యాహ్నం రెండింటికి మంచుకొండ మీది ఆర్మీ పోస్టు చేరాం. నడుముకు తాడు, వీపున సంచీ, ముందువాడి అడుగులో అడుగు. ఎండ కాస్తూనే ఉంది, అయినా మీసం మీద ఊపిరి గడ్డకట్టింది. పోస్టంటే మీరు కోట అనుకునేరు. మంచులో తవ్విన గుంత, పైన కప్పు, లోపల ఒక కిరోసిన్ స్టవ్, ఎనిమిది మంది మనుషులు. ఎమ్మిగనూరులో మా మగ్గం గది దీనికన్నా విశాలం.

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ గఢ్వాల్ మనిషి, మాట తక్కువ. సంచీ దించకముందే ఆర్డర్లు చెప్పాడు. సెంట్రీ డ్యూటీ రెండేసి గంటలు. తాడు లేకుండా గడప దాటకూడదు. తొడుగు లేని చేత్తో ఇనుము ముట్టుకోకూడదు.

ఆర్డర్లలో లేనిది రేడియో ఆపరేటర్ చెప్పాడు. వాడిది మా వైపు కోడుమూరు. అంత దూరంలో మన మాట చెవిన పడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

“నీళ్లు తక్కువ తాగప్పా. తాగితే బయటికి పోవాల్సొస్తాది. ఈ గాలిలో బట్టలిప్పేదంటే మాటలు గాదు. ఈడ అందరం బిగబట్టుకుంటాం.”

బిగబట్టడం నాకు కొత్తా? మాది గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు దించి అంచున కూచున్నాక నేసేవాడు మధ్యలో లేవడు. లేస్తే చేతి వాటం తప్పుతుందని మా అన్న చెంబు నిండా నీళ్లు పక్కనే పెట్టుకుని సాయంత్రం దాకా ముట్టేవాడు కాదు. ఊళ్లో దాన్ని పనితనం అనేవాళ్లు. పోస్టులో అందరికన్నా నేనే తక్కువ తాగాను. పైగా మీసం కూడా దువ్వాను.

ఇక తిండి. డబ్బా మాంసం, మైదా పూరీలు, బిస్కెట్లు. పచ్చటి ఆకు కంటికి కనపడదు. నోరు చచ్చిపోయిందని ఎర్రటి ఊరగాయ నంజుకునేవాళ్లం. మూడు నాలుగు రోజులకోసారి బయటికి వెళ్లేవాణ్ణి. వెళ్తే రాయి. ముక్కీ ముక్కీ కళ్లల్లో వచ్చిన నీళ్లు రెప్పల మీదే గడ్డకట్టేవి. నవ్వండి, నవ్వండి. ఊళ్లో టీ కొట్టు దగ్గర అందరూ శత్రువు సంగతే అడుగుతారు. నా శత్రువు నాతోనే కొండెక్కాడు.

ఒకరోజు పొద్దున బయటికి వెళ్లి, పని కాగానే లేచి వెనక్కి చూస్తే మంచు మీద ఎర్రగా కనపడింది. బూటుతో మంచు తోసి కప్పేశాను. తర్వాతిసారీ అంతే, మళ్లీ కప్పేశాను. మొలలేనా, లోపల ఇంకేదైనా తెగిందా? ఇంతలో తుపాను పట్టుకుంది. హెలికాప్టర్ రాదు, నడిచే దారి మూసుకుపోయింది. నెత్తురు ఇట్లాగే పోతుంటే ఈ గుంతలోనే చస్తాననుకున్నాను. భయంతో తిండి కూడా మానేశాను. తినకపోతే వెళ్లే పనే ఉండదు కదా, అదీ నా తెలివి!

డాక్టర్ సాబ్ కింద బేస్ క్యాంపులో ఉంటాడు. ఆయనతో మాట్లాడాలంటే రేడియో ఒక్కటే దారి. రేడియోలో మాట్లాడితే చుట్టుపక్కల పోస్టులన్నీ వింటాయి. తూటా తగిలిందంటే గొప్పగా చెప్పుకోవచ్చు. దీన్ని ఏ నోటితో చెప్పను?

బంకర్లో చెక్కపెట్టె మీద కూచుంటే అందరూ వెళ్లేదాకా లేచేవాణ్ణి కాదు, వెనక మరక కనపడుతుందని. ఆపరేటర్ అది పసిగట్టాడు.

“ఏమప్పా, పెట్టెకు అతుక్కుపోయినావా?”

“నీ పని నువ్వు సూసుకో.”

“నెత్తురు పడతాండాదా?”

నేను పెట్టె మీద ఇంకాస్త వెనక్కి జరిగాను.

“డాక్టర్ సాబ్‌కు సెప్తాను.”

“నా పేరు వచ్చిందంటే సంపేస్తా!”

వాడు నా మొహంలోకి చూశాడు. రేడియో ముందు కూచుని మీట నొక్కాడు. “పేషంట్ నేనే సర్. ఆపరేటర్‌ని. దొడ్డికి పోతే నెత్తురు పడుతోంది. ఓవర్,” అన్నాడు హిందీలో.

ఏదో పోస్టు నుంచి పకపకా నవ్వు వినిపించింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా డాక్టర్ అడిగిన ప్రతి ప్రశ్నా నన్ను సైగతో అడిగి జవాబు చెప్పాడు. నెత్తురు ఎర్రగానా, నల్లగానా? ఎర్రగా. కళ్లు తిరుగుతున్నాయా? లేదు. రోజుకు నీళ్లెన్ని? నేను ఒక వేలు చూపించాను. ఒక మగ్గు. ఆ తర్వాత వచ్చిన తిట్లన్నీ వాడే తిన్నాడు.

“మొలల్లాగే ఉంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను. దారి తెరవగానే కిందికి రా. అందాకా నీళ్లు దండిగా తాగు. తిండి మానకు. పప్పు, ఎండు కూరగాయలు, నానబెట్టిన ఎండుద్రాక్ష తిను. మందుల పెట్టెలో ఇసబ్‌గోల్ పొట్టు ఉంటుంది, నీళ్లలో కలిపి తాగు. ఊరగాయ బంద్. వచ్చినప్పుడు ఆపుకోకు, రానప్పుడు ముక్కకు. పని కాగానే లేచి వచ్చెయ్. గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూచో. నెత్తురు ఎక్కువైనా, నల్లగా పడినా, కళ్లు తిరిగినా వెంటనే చెప్పు. ఓవర్.”

గోరువెచ్చని నీళ్లంటే మంచు కరిగించాలి. మంచు కరగాలంటే కిరోసిన్ కాలాలి. అది డబ్బాలో ఎంత మిగిలిందో అందరికీ తెలుసు. సుబేదార్ సాబ్ మూలన కూచుని అంతా విన్నాడు. స్టవ్ మీద పెద్ద గిన్నె పెట్టించాడు.

“ఈరోజు నుంచి నీళ్లు ఆర్డర్. డ్యూటీకి ముందు ఒక మగ్గు, దిగాక ఒక మగ్గు. నా కళ్ల ముందు తాగాలి.”

నీళ్లు కాగాక వెడల్పాటి గిన్నెలో పోయించాడు. ఆపరేటర్ ముందు పెట్టలేదు, తిన్నగా నా ముందుకు తోశాడు.

“అందరూ గోడకేసి తిరగండి,” అన్నాడు.

తిరిగారు. ఒక్కడూ నవ్వలేదు. ఆ గిన్నెలో కూచుని నేను ఏడ్చాను, నొప్పికి కాదు.

మెల్లగా నెత్తురు తగ్గింది, ఆగింది. దారి తెరిచాక డాక్టర్ సాబ్ పరీక్ష చేసి మొలలేనన్నాడు. కోత అక్కర్లేదు, నీళ్లూ తిండీ తప్పకు అన్నాడు. పైనున్న ఆపరేటర్‌ను మాత్రం పక్క పోస్టులవాళ్లు వాడు దిగేదాకా వదల్లేదు. “కోడుమూరూ, కూచోడానికి మెత్త పంపమంటావా? ఓవర్!” వాడు ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు.

డ్యూటీ ముగిసి ఆదోనిలో రైలు దిగాను. బొరుగుల ఉగ్గాని తిన్నాను, మిరపకాయ బజ్జీ పక్కకు తోశాను. బస్సెక్కి ఎమ్మిగనూరు చేరి తిన్నగా మగ్గం గదిలోకి వెళ్లాను. మా అన్న గుంతలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. వాడి కింద సగం గాలి కొట్టిన సైకిల్ ట్యూబు, దాని మీద మడిచిన తెల్ల తువ్వాలు. పక్కన చెంబు నిండుగా ఉంది.

“నీళ్లు తాగన్నా.”

“తాగితే లేయాల్సొస్తాది గదప్పా.”

అచ్చం పోస్టులో విన్న మాటే. అన్న లేవలేదు.

“నువ్వు పోయి కాళ్లు కడుక్కో. నేనొస్తా,” అన్నాడు.

“వారం నుంచీ ఇదే తంతు,” అంది మా వదిన గుమ్మంలోంచి. “మేం ఈడ నిలబడితే లేయడు. మోకాళ్ల నొప్పంటాడు.”

నేను కదల్లేదు. రేడియోలో చెప్పలేనిది మా వదిన వినేటట్టు గట్టిగా చెప్పాను.

“నాకూ నెత్తురు పడిందన్నా. ఆడ మంచులో. మొలలు.”

మగ్గం ఆగింది. అన్న నేత మీంచి చూపు తిప్పకుండానే నోరు విప్పాడు.

“నెత్తురు పడబట్టి ఏడాదైతాండాదప్పా,” అన్నాడు. “ఎవరితో సెప్పుకునేది?”

“వదినా, నీళ్లు కాచు. పొద్దున ఆదోని ఆస్పత్రికి పోతాండాం,” అన్నాను. తర్వాత గోడకేసి తిరిగి, చెయ్యి వెనక్కి చాపాను. కాసేపటికి వాడి చెయ్యి నా చేతిలోకి వచ్చింది. బరువంతా నా మీద వేసి లేచాడు. వదిన లోపలికి నడిపించుకుపోయింది.

అప్పుడు తిరిగి చూశాను. ఖాళీ గుంత, ట్యూబు మీద తెల్ల తువ్వాలు, దాని మీద ఎర్రటి మరక. కప్పేయడానికి నా కాలు దానంతటదే కదిలింది. అక్కడ మంచు లేదు.