మంద కలపని ఎండాకాలం

మాది అచ్చంపేట దిక్కున గుట్టల ఊరు. తోడేళ్ళ తావు కాబట్టి గొర్లకాపరులందరూ మందలు కలిపే మేపేవారు. పెద్ద మందలో ఒకటి తల దించి మేస్తుంటే పక్కది తలెత్తి చూస్తుంది, వంతులేసుకున్నట్టే. మా అవ్వ ఎవరి క్షేమం అడగాలన్నా "మంద కల్సిందా?" అనేది.

నిజాం ఏలుబడి చివరి రోజుల్లో ఒక ఎండాకాలం గత్తరొచ్చి, అదే కలరా, మా అమ్మను తీసుకుపోయింది. తమ్ముడికి అప్పటికి పళ్ళు కూడా రాలేదు. గొర్రెలు వట్టిపోయాయి, గంజి పోస్తే కక్కేవాడు. వాడికి ఒక్క నల్లమేక పాలే దిక్కు.

అమ్మ దినాలు కాగానే పెద్దనాయిన, అంటే నాయినకు సొంత అన్న, వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఏమనుకోకు తమ్మీ. నీ మంద జర అలగ్ మేపుకో. మా ఇంట్ల పిల్లలున్నరు."

"గత్తర మనిషికొస్తది గని గొర్రెకొస్తదా అన్నా?" అన్నాడు నాయిన.

"ఏమో, ఎవలకెరుక?"

ఎవలకెరుకట! ముసలిదాన్నయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మమ్మల్ని దూరం పెట్టారు, సరే. నోరులేని జీవాలేం చేశాయి?

మావి గుట్టకు ఇవతల, వాళ్ళవి అవతల. అటునుంచి మెడగంట వినబడితే చాలు, మా గొర్రెలు అరుచుకుంటూ పరుగెత్తేవి. పెద్దనాయిన రాళ్ళు విసిరి తరిమేవాడు. వెనక్కొచ్చి ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి నిలబడేవి, మేసేవి కావు. తోడేలు బండమీద ఊరికే కూర్చునేది. నాయిన కేకేస్తే పోయేది, మళ్ళీ వచ్చేది. నల్లమేక కొమ్మ అందుకునేది, వదిలేసి బండవైపు చూసేది.

చెంబెడు పాలు చిప్పెడయ్యాయి. నేను మండలు విరిచి నోటికందించినా నమిలేది కాదు. "మెయ్యవే తల్లీ, నీ కాళ్ళు మొక్కుత" అని ఏడ్చాను. నాయిన గుట్ట దాటిపోయి, "ఒక్క మేకనన్న కలుపుకో అన్నా, పోరడు బతుకుతడు" అని బతిమాలాడు. వానలు పడ్డంక చూద్దామన్నాడట.

పాలు చుక్కలకొచ్చాయి. అవ్వ గుడ్డపేలిక తడిపి తమ్ముడి నోట్లో పెట్టేది. ఒక పొద్దున వాడు చీకడం మానేశాడు. "నా కొడుకో, నువ్వు గూడ పోయినవా" అని అవ్వ గుండెలు బాదుకుంది. ఆ తోడేలు మాత్రం మా మందలో ఒక్కదాన్నీ ముట్టలేదు.

వానలు పడ్డాయి. పెద్దనాయిన వచ్చి, "మంద కలుపుదాం తమ్మీ" అన్నాడు. నాయిన దొడ్డి తడక తీశాడు. నల్లమేక గుంపు నడుమకు పోయి, తల దించి కడుపునిండా మేసింది. కొన్నాళ్ళకు పొదుగు మళ్ళీ చేపింది.

ఆ పాలు మా ఇంట్లో ఎవరూ తాగలేదు. అవ్వ చెంబు పట్టుకుని పెద్దకొడుకు ఇంటికి పోయింది, నేనూ వెంట పోయాను. లోపలికి రమ్మన్నా అడుగుపెట్టలేదు, వాకిట్లోనే నిలబడింది.

"మీ ఇంట్ల పిల్లలున్నరు గద కొడుకా," అంది, "తాపుండ్రి."